కరువు పనిలో నెత్తురు పంపకాలు



2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దేశమంతా పాకిన ఆ పథకం మన గడ్డ మీద మొదలైంది. దస్త్రాల్లో దాని పేరేదైనా మన పల్లెల్లో మాత్రం అది కరువు పనే. కొండవాలున కందకాలు, చేలల్లో సేద్యపు కుంటలు, చెరువుల్లో పూడికతీత. ఏ పనికైనా పనిముట్లు గడ్డపార, పార, గంప. ఏడాది మొత్తమ్మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఎర్రమట్టి గడ్డపారకూ ఒక పట్టాన లొంగదు.

ఈ పూట నేను మాట్లాడబోయేది తీవ్రమైన వ్యాయామం గురించి. దానికీ కరువు పనికీ ఏం సంబంధమని అడుగుతారేమో. శరీర శ్రమను తూచే పట్టికలున్నాయి. ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిని ఒక వంతు అనుకుంటే ఏ పనికి ఎన్ని రెట్లు ఖర్చవుతుందో వాటిలో ఉంటుంది. నిదానంగా పరుగెత్తడానికి ఏడు రెట్లు. పారతో గుంత తవ్వడానికి ఏడెనిమిది రెట్లు. పొద్దున్నే మైదానంలో రౌండ్లు కొట్టేవాళ్లు అరగంటకో ముప్పావుగంటకో ఆపి, తువాలుతో ముఖం తుడుచుకుని ఇంటికి పోతారు. గుంతలో దిగిన మనిషి అలా ఆపడు. కూలి కట్టేది తవ్విన మట్టి కొలతను బట్టి కదా. వైద్య పుస్తకాల్లో వ్యాయామం అధ్యాయం తిప్పితే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తే మనిషి బొమ్మ కనిపిస్తుంది. నన్నడిగితే అక్కడ ఉండాల్సింది నెత్తిన గంపతో గట్టెక్కే ఆడమనిషి బొమ్మ.

ఇంతకీ ఆ శ్రమ ఒంటి లోపల ఏం చేస్తుంది?

పెద్ద మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల నెత్తురు ఉంటుంది. బక్కపలచని ఆడవాళ్లలో నాలుగు లీటర్లు కూడా ఉండదు. కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి డెబ్బైసార్లు కొట్టుకుంటూ, ఒక్కో దెబ్బకు డెబ్బై మిల్లీలీటర్ల చొప్పున, నిమిషంలో ఐదు లీటర్లు తోస్తుంది. అంటే ఒంట్లో ఉన్న నెత్తురంతా నిమిషానికోసారి చుట్టి వస్తుందన్నమాట. బాగా శ్రమించేటప్పుడు అదే గుండె నిమిషానికి ఇరవై లీటర్ల దాకా తోయగలదు. పేరున్న పరుగుల వీరుల్లో ఇది ముప్పై అయిదు లీటర్ల దాకా పోతుంది.

ఈ పెరిగిన ప్రవాహం అన్ని అవయవాలకూ సమంగా అందదు. ఎగువ కాలువ హెచ్చెల్సీకి తుంగభద్ర నీళ్లు వదిలినప్పుడు ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. తాగునీటి వాటా ముందే తీసి పక్కన పెడతారు, పైన ఉన్న చేలకు పారుతుంది, చివరి ఆయకట్టు రైతు గట్టు మీద కూర్చుని కాలువ వంక చూస్తుంటాడు. ఒంట్లోనూ అంతే. మెదడు వాటా, నిమిషానికి ముప్పావు లీటరు, దాదాపుగా ఎవరూ ముట్టుకోరు. విశ్రాంతిలో అయిదో వంతుకు మించి తీసుకోని కండరాలు శ్రమ పెరిగేకొద్దీ ప్రవాహంలో ఎనభై శాతం పైగా లాక్కుంటాయి. చివరి ఆయకట్టులో మిగిలేవి పేగులు, కాలేయం, మూత్రపిండాలు.

కండరానికి అంత నెత్తురు ఎందుకో చెప్పే చోట మన తెలుగువాడొకరు తగులుతారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కండరం తటాలున వాడుకునే ఇంధనం క్రియాటిన్ ఫాస్ఫేట్‌ను 1927లో బయటపెట్టారు. ఆ నిల్వ కొద్ది సెకన్లకే అయిపోతుంది. ఆ తర్వాత గడ్డపార లేవాలంటే నెత్తురు మోసుకొచ్చే ప్రాణవాయువు, చక్కెర, కొవ్వు ఉండాల్సిందే. ఆ క్రియాటిన్ విరిగి క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. ఆసుపత్రిలో కిడ్నీ పరీక్ష అని రాసిస్తే కొలిచేది దాన్నే. కండరం చేసిన పని తాలూకు చెత్తను కిడ్నీ ఎంతవరకు ఊడ్చగలిగిందో ఆ అంకె చెబుతుంది.

ఇక్కడిదాకా ఏ ఊరి మనిషికైనా ఒకటే కథ. మన ఎండలో ఇంకో వాటాదారు వచ్చి చేరుతుంది, చర్మం. పనిచేసే కండరం వేడి పుట్టిస్తుంది. ఆ వేడిని బయటికి పంపాలంటే నెత్తురు చర్మం దాకా వచ్చి చల్లబడాలి. చల్లటి పూట చర్మానికి నిమిషానికి అర లీటరు కూడా అక్కర్లేదు. ఒళ్లు మరీ వేడెక్కితే ఏడెనిమిది లీటర్లు కావాలి. గుండెకు ఇది రెండో బరువు. మధ్యాహ్నం నలభై డిగ్రీలు దాటిన రోజు, అదే గుంత, అదే గడ్డపార అయినా, నాడి పొద్దుటి కంటే పదీ ఇరవై దెబ్బలు ఎక్కువ కొట్టుకుంటుంది. వయసు మీరిందనో తిండి చాలలేదనో అనుకుంటాం. అసలు జరిగింది నెత్తురు చర్మానికి మళ్లడం, దానికితోడు చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గి నెత్తురు చిక్కబడడం.

చెమట అంటే నెత్తురులోంచి వచ్చిన నీరే. ఎండలో గట్టిగా పనిచేసేవాళ్లకు గంటకు లీటరు పోవడం మామూలు, కొందరికి లీటరున్నర. ఇక్కడ మన పీఠభూమి చేసే మోసం ఒకటుంది. కోస్తా మనిషికి చెమట ధారగా కారి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి ఎంత పోయిందో తెలుస్తుంది. మన గాలి పొడిగాలి. చెమట పట్టీపట్టకముందే ఆవిరైపోతుంది. ఒంటికి అది మంచిదే, ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కానీ పోయింది కంటికి కనపడదు. ‘నాకు చెమటే పట్టదు’ అని గొప్పగా చెప్పుకునే పెద్దాయన చొక్కా వీపు మీద చూడండి, తెల్లటి ఉప్పు చారలు వరుసలు కట్టి ఉంటాయి.

ఇప్పుడు మూత్రపిండాల దగ్గరికి వద్దాం. అసలు నేను చెప్పాలనుకున్నది వీటి గురించే.

పిడికిలంత ఉండే ఈ రెండింటికీ విశ్రాంతిలో నిమిషానికి లీటరుకు పైగా నెత్తురు పోతుంది. ఇద్దరు కూర్చుని వడగట్టినట్టు రోజుకు 180 లీటర్లు వడపోసి, అందులో ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వదిలి, మిగతాదంతా వెనక్కి ఇచ్చేస్తాయి. బాగా కష్టపడేటప్పుడు వాటికొచ్చే నెత్తురు సగానికి పడిపోతుంది. మరీ తీవ్రమైన శ్రమలో పావు వంతుకు. ఇది జబ్బు కాదు, శరీరం తెలిసి చేసుకున్న ఏర్పాటే. నీడన కూర్చుని నీళ్లు తాగితే గంటా రెండు గంటల్లో మళ్లీ సర్దుకుంటుంది. గట్టి పరుగు తర్వాత మూత్రంలో కాస్త ప్రోటీన్ కనిపించడం, ఒకటి రెండు రోజుల్లో పోవడం కూడా మామూలే.

ఇబ్బంది ఎక్కడంటే, పొద్దున తగ్గిన నెత్తురు సాయంత్రం దాకా తిరిగి అందకపోవడం. అది మరుసటి రోజూ, ఆ మరుసటి రోజూ జరగడం. మూత్రం చిక్కబడి చిక్కబడి ముందు రాళ్లు కడతాయి. ఎల్ సాల్వడార్‌లో పొలం పనులు చేసేవాళ్లకు, షుగర్ లేదు, బీపీ లేదు, అయినా నడివయసుకే కిడ్నీలు చెడిపోతున్నాయని 2002లో వైద్యులు రాశారు. ఎండలో రోజూ ఒళ్లు ఎండబెట్టుకుంటూ చేసే బండ చాకిరీ అందులో పెద్ద కారణమని ఇవాళ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఈ మాట వినగానే మనవాళ్లకు శ్రీకాకుళం ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్లా, మట్టా, మందులా, శ్రమా, వంశమా అన్నది నడుస్తున్న వాదం. కాబట్టి ఉద్దానాన్ని చూపించి మన కూలీలను బెదిరించే పని నేను చేయను. తెలిసినంత వరకు చెప్పినా జాగ్రత్త పడడానికి అది చాలు.

కొన్నిసార్లు మూత్రం రంగే మారిపోతుంది. 1881లో ఫ్లైషర్ అనే జర్మన్ వైద్యుడు ఒక సైనికుడి సంగతి రాశాడు. దూరం కవాతు చేసి వచ్చిన రోజల్లా అతనికి ఎర్రటి మూత్రం. గట్టి నేల మీద అరికాళ్లు పదే పదే మోదుకుంటే పాదాల రక్తనాళాల్లో ఎర్రకణాలు కొన్ని పగులుతాయి, వాటి రంగు మూత్రంలో దిగుతుంది. సాధారణంగా ఇది ప్రాణం మీదికి రాదు. రెండో రకం మాత్రం ప్రమాదం. అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా విపరీతంగా శ్రమిస్తే కండరాల కణాలే తెగి, వాటిలోని మయోగ్లోబిన్ నెత్తురులోకి వస్తుంది. 1941లో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు శిథిలాల కింద నలిగిన మనుషులను బయటికి తీశాక కొద్ది రోజులకు కిడ్నీలు ఆగి చనిపోవడం చూసి, బైవాటర్స్ అనే వైద్యుడు ఈ దారిని కనిపెట్టాడు. నలిగిన కండరమైనా, శ్రమతో తెగిన కండరమైనా కిడ్నీకి ఒకటే. నీళ్లు తక్కువున్న ఒంట్లో ఆ పదార్థం కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టి కూర్చుంటుంది. అప్పుడు మూత్రం డికాషన్ రంగులో, కోలా రంగులో వస్తుంది.

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడగానే మన కుర్రాళ్లు 1600 మీటర్ల పరుగుకు తయారవడం మొదలుపెడతారు. ఆర్నెల్లు కదలని ఒంటిని పది రోజుల్లో లొంగదీయాలని చూస్తారు. తొడలు బిగుసుకుపోయి, మూత్రం నల్లగా వచ్చినా ‘వేడి చేసింది’ అని సబ్జా గింజలు నానబెట్టి తాగి ఊరుకుంటారు. అది వేడి కాదు నాయనా, ఆసుపత్రికి పోవాల్సిన సంగతి.

వీటన్నిటి మీద మనం చేతులారా వేసే దెబ్బ ఒకటుంది. ఒళ్లు నొప్పుల మాత్ర. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఏ పేరైనా కానీ. పొద్దున పనికి పోయే ముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి. అంగట్లో చీటీ లేకుండానే ఇస్తారు. నెత్తురు తగ్గిన సమయంలో కిడ్నీ తన రక్తనాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో తెరిచి పట్టుకుంటుంది. నొప్పి మాత్ర ఆపేది సరిగ్గా ఆ పదార్థాలనే. నొప్పి తగ్గేదీ అందువల్లే, కిడ్నీకి ఉన్న ఆఖరి ఆసరా పోయేదీ అందువల్లే. ఎండలో ఒళ్లు ఎండిన మనిషికి ఈ మాత్రలు మంచివి కావు. నొప్పి తట్టుకోలేకపోతే డాక్టరును అడిగి, మోతాదు మించకుండా పారాసెటమాల్ వేసుకోవడం వీటికంటే నయం.

పేగుల సంగతి తొందరగా చెప్పేస్తాను. వాటికొచ్చే నెత్తురు కూడా తెగ తగ్గుతుంది కాబట్టి, కడుపు నిండా సంగటి తిని వెంటనే గడ్డపార పడితే కడుపు పట్టేస్తుంది, వికారం పుడుతుంది. మన పెద్దవాళ్లు పొద్దున్నే పలచగా అంబలి తాగి పనికి పోయిందీ, సంగటి ముద్ద, ఊరిబిండి పని దిగాక తిన్నదీ ఒంటికి సరిపోయిన పద్ధతే. వేడి ముదిరితే మాత్రం పేగు లోపలి పొర బలహీనపడి, అక్కడి సూక్ష్మజీవుల విషాలు నెత్తురులోకి జారతాయి. వడదెబ్బ తగిలినప్పుడు కాలేయం నుంచి గుండె దాకా అన్నీ ఒకేసారి దెబ్బతినడానికి ఇదొక కారణం. వడదెబ్బకు మనిషి మాట తడబడుతుంది, తిక్కతిక్కగా చేస్తాడు, పడిపోతాడు. శ్రమవల్ల వచ్చే వడదెబ్బలో ఒంటి మీద చెమట ఉండొచ్చు కూడా, చెమట ఉంది కదా అని వదిలేయకండి. ముందు ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి, 108కి ఫోన్ ఆ తడుపుతూనే చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

ఇంతదాకా నెత్తురు తగ్గడం, చిక్కబడడం చూశాం. ఇక నెత్తురు పలచన అనే మాటకొస్తే అందులో రెండు రకాలున్నాయి. రోజూ పరుగు అలవాటైన వాళ్లలో నెత్తురులోని నీటి భాగం పెరుగుతుంది. దాంతో హిమోగ్లోబిన్ అంకె కొద్దిగా తగ్గినట్టు కనిపిస్తుంది. అది రోగం కాదు, చెమటకు పనికొచ్చే నిల్వ. అనంతపురం క్రీడాగ్రామంలో ఆడే పిల్లల్లో అలా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కానీ హిమోగ్లోబిన్ ఎనిమిది ఉన్న ఆడమనిషిది ఆ కథ కాదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువు మోస్తుంది. పదిహేను గ్రాములున్న మనిషి నెత్తురు వంద మిల్లీలీటర్లలో ఇరవై మిల్లీలీటర్ల ప్రాణవాయువుంటే, ఎనిమిదున్నామె నెత్తురులో పదకొండు కూడా ఉండదు. అదే గంప, అదే గట్టు. గుండె మాత్రం దాదాపు రెండింతలు తోయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. కరువు పనిలో సగానికి తక్కువ కాకుండా కనిపించేది ఆడవాళ్లే. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలు పక్కన పడేస్తున్నారని విసుక్కునే ముందు, అవి తింటే కడుపులో తిప్పుతుందని వాళ్లు చెప్పేది వినండి. అన్నం తిన్నాక వేసుకోమనండి, టీ తాగిన వెంటనే వద్దనండి.

మొన్న ఎండల్లో ఒక సేద్యపు కుంట పని దగ్గర కాసేపు నిలబడ్డాను. పొద్దున పదవుతోంది. గుంత నడుము లోతు. మగవాళ్లు తవ్వుతున్నారు, ఆడవాళ్లు గంపలు మోస్తున్నారు. గట్టు మీద ప్లాస్టిక్ క్యాన్, దాని మూతికి తాడుతో కట్టిన స్టీలు గ్లాసు. మగవాళ్లు వచ్చి తాగి పోతున్నారు. ఆడవాళ్లలో ఒకామె గ్లాసు ఎత్తి నోరు తడుపుకుని, మిగిలిన నీళ్లు కాళ్ల మీద పోసుకుంది. పని చూసే మేట్ అది గమనించి, ‘ఇంకొన్ని తాగక్కా, ఎండ సూడు ఎట్లుందో’ అన్నాడు. ‘తాగితే మళ్లా యాడికి పోవల్లన్నా, చాటుకు చెట్టన్నా లేకపాయె’ అంది. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆమె గంప ఎత్తుకుని పోయింది.

ఆ మాటకు నా పుస్తకాల్లో జవాబు లేదు. రోజుకు ఎన్ని గ్లాసులు తాగాలని చెప్పే నాలాంటి వాళ్లం ఎప్పుడూ అడగని ప్రశ్న అది. చుట్టూ ఒక్క కంప చెట్టయినా లేని మైదానంలో పొద్దున ఆరింటి నుంచి పదకొండింటి దాకా నీళ్లు ముట్టకుండా ఉండడం ఆమెకు తెలియక చేసిన పొరపాటు కాదు. ఉపాధి హామీ పథకం తెచ్చిన చట్టం పనిచోట తాగునీళ్లు, నీడ, విశ్రాంతి వేళలు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని అక్షరాలా రాసింది. చాటు గురించి రాయడం మరిచింది. నా దృష్టిలో నాలుగు కట్టెలు పాతి కట్టిన ఒక గోనెపట్టా మరుగు ఆ జాబితాలో నీళ్ల క్యాన్‌తో సమానం.

విశ్రాంతి వేళల సంగతే చూడండి. 2024 సెప్టెంబరులో అనంతపురంలో మన ఆర్‌డీటీ సంస్థ క్రికెట్ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. దేశంలో పేరున్న ఆటగాళ్లు వచ్చారు, బస్సులెక్కి జనం చూడబోయారు. ప్రతి రెండు గంటల ఆట నడుమ ఆట ఆపి డ్రింక్స్ తెచ్చారు, ఎవరూ దాన్ని సోమరితనం అనలేదు. కుంట పనిలో పావుగంట కూర్చుంటే మాత్రం కొలత తగ్గుతుందని భయం.

శ్రమ చెడ్డదని నేను అనడం లేదు. అలవాటైన శ్రమ గుండెను బలపరుస్తుంది, నాడిని నిదానం చేస్తుంది, షుగరును అదుపులో పెడుతుంది. ఎండకు కూడా ఒళ్లు అలవాటు పడుతుంది, వారం నుంచి రెండు వారాలు పడుతుందంతే. చెమట తొందరగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. బెంగళూరు వలస నుంచి తిరిగొచ్చిన మనిషి మొదటి రోజే పూర్తి కొలత తవ్వకూడదు. అయిదో వంతు పనితో మొదలుపెట్టి రోజురోజుకూ అంతంత పెంచుకుంటూ పోతే ఒళ్లు మాట వింటుంది.

నీళ్లు దాహమయ్యాక ఒకేసారి చెంబెడు కాదు, పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. అలాగని గంటకు లీటరున్నర మించి ఉత్త నీళ్లే పట్టించకండి, నెత్తురులో సోడియం పడిపోయి అదొక ప్రమాదం. నాలుగు గంటలు మించిన పనికి ఉప్పేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్సో మధ్యలో ఉండాలి. ఆసుపత్రిలో నెత్తురు పరీక్షకు ఇచ్చేటప్పుడు, నిన్నంతా గుంత తవ్వానని డాక్టరుకు చెప్పండి. గట్టి శ్రమ తర్వాత తెల్లకణాలు, ఎస్‌జీఓటీ, క్రియాటినిన్ అంకెలు కొద్ది రోజులు పెరిగి కనిపిస్తాయి. ఆ సంగతి తెలియకపోతే లేని జబ్బుకు మందు మొదలవుతుంది.

మేట్లకు, సర్పంచులకు ఒక విన్నపం. రేపు పని మొదలయ్యే చోట క్యాన్ దించినప్పుడే ఆడవాళ్లకు మరుగు కూడా కట్టించండి. కూలికి పోయే అన్నలకు, అక్కలకు ఒక్క మాట. సాయంత్రం ఇంటికొచ్చాక మూత్రం రంగు చూసుకోండి. ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని. డికాషన్ రంగులో వచ్చినా, పొద్దుటి నుంచి అసలు రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి, నొప్పి మాత్ర మింగకండి, ఆ రాత్రే పెద్దాసుపత్రికి పొండి.